చుక్క కనబడితే ఆగుండ్రి

"మేడమ్, ఈ టెస్ట్ పేషెంట్‌ని డిలీట్ కొట్టాల్నా?"

పోయిన మంగళవారం మా క్లినిక్‌కు వచ్చిన కొత్త ఇంజనీరు అడిగిన ప్రశ్న ఇది. పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో, కళ్లజోళ్ల షాపు పైన మొదటి అంతస్తులో మా పళ్ల ఆసుపత్రి. పాత కంప్యూటరులోని ఎక్స్‌రే బొమ్మలన్నీ కొత్తదానిలోకి మారుస్తున్నాడతను. జాబితాలో అందరికీ పేరూ వయసూ ఉన్నాయి. ఒక్కచోట మాత్రం పేరు దగ్గర 'టెస్ట్', వయసు దగ్గర సున్నా.

"అది పెట్టింది ఈ స్కానరు బిగించినాయన. మీ కంపెనీలోనే చేసేవాడు," అని పేరు చెప్పాను.

"ఓ, గా అన్ననా? పోయిండు కద మేడమ్! మొన్న దసరాకు ముందు. గుండె ఆగిందట. మీకు ఎర్క లేదా?"

నాకు తెలియదు. గ్లవుజులు తొడుక్కోబోతున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. ఆయన ఉండే బల్కంపేట ఇక్కడికి ఎంత దూరమని? ఆటో ఎక్కితే పావుగంట. ఆ మనిషిని నేను రెండు నెలలపాటు రోజూ శ్రద్ధగా అనుమానించాను. ఆయన ఏ స్క్రూ ఎటు తిప్పాడో, ఏ తలుపు ఎప్పుడు వేశాడో అన్నీ కనిపెట్టాను. పోయాడన్న కబురు మాత్రం మూడు నెలలు ఆలస్యంగా విన్నాను.

నాలుగేళ్ల కిందటి వరకూ మేము ఎక్స్‌రే ఫిల్ములు మందునీళ్లలో కడిగి, క్లిప్పులకు తగిలించి ఆరబెట్టుకునేవాళ్లం. ఆ బాధ పడలేక డిజిటల్ స్కానరు తెప్పించాను. ఇందులో ఫిల్ము బదులు బొటనవేలంత ప్లేటు ఉంటుంది. దాన్ని చిన్న ప్లాస్టిక్ కవరులో దూర్చి, పంటి పక్కన ఉంచి ఎక్స్‌రే తీసి, స్కానరులో వేస్తే కంప్యూటరు మీద బొమ్మ వస్తుంది. ఇదంతా బిగించి, సాఫ్టువేరు ఎక్కించి, మాకు నేర్పించి వెళ్లడానికి కంపెనీ ఆయన్ని పంపింది.

వచ్చినాయన లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడి కరెంటు మీటరు వైపు చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచన. మండే ఎండల్లో కూడా ముంజేతుల దాకా గుండీలు పెట్టుకున్న చొక్కా, భుజాన గుడ్డసంచి, బుగ్గలో లవంగం.

"ఎర్తింగ్ ఉన్నదా మేడమ్?"

"ఉందండీ."

"ఎవలు చెప్పిన్రు?"

"ఎలక్ట్రీషియన్."

"ఆయనకెవలు చెప్పిన్రు?"

నేను నోరు తెరిచేలోగా సంచిలోంచి వైర్లు వేలాడే బల్బు ఒకటి తీసి, గోడకున్న ప్లగ్గులన్నీ ఒక్కొక్కటే పొడిచి చూశాడు. అన్నీ వెలిగాయి. అయినా ముఖం విప్పారలేదు. "నేనైతే నమ్మ మేడమ్," అని తన ఎక్స్‌టెన్షన్ బోర్డు తనే తీసి పెట్టుకున్నాడు.

ఆ మాట రోజుకు ఇరవైసార్లు వినేదాన్ని. కోపంగా అనేవాడు కాదు, వెటకారంగానూ కాదు. మనం 'దాహంగా ఉంది' అన్నంత మామూలుగా అనేవాడు. మా కుర్చీని నమ్మలేదు, మా ఇన్వర్టరును నమ్మలేదు. మెట్రో రైలునైతే అసలే నమ్మలేదు. స్కానరు పెట్టబోయే బల్ల మీద గ్లాసుడు నీళ్లు పెట్టి, చేతులు కట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. మెయిన్ రోడ్డు మీద రైలు పోయినప్పుడల్లా వంగి నీళ్లు కదులుతున్నాయేమో చూసేవాడు. మా అసిస్టెంటు పద్మ పాపం అవి ఆయన తాగడానికి పెట్టుకున్నాడనుకుని, కొంచెం తగ్గాయనిపిస్తే మళ్లీ నింపేది. ఆయన మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టేవాడు. మా నీళ్లు మాత్రం గుక్కెడు కూడా తాగలేదు.

సాఫ్టువేరు ఎక్కించేటప్పుడు తెర మీద ఒక పొడవాటి ఒప్పందం వస్తుంది కదా, లోకంలో ఎవరూ చదవనిది. ఆయన చదివాడు. తెర మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, నలభై నిమిషాలు. బయట ఇద్దరు పేషెంట్లు బుగ్గలు పట్టుకుని కూర్చున్నారు.

"అందరూ నెక్స్ట్ నొక్కేస్తారండీ," అన్నాను, చిరాకు దాచుకోకుండానే.

"అందుకే అందరు ఆగమైతున్రు," అన్నాడు.

మధ్యాహ్నం సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచాడు. పద్మ కెవ్వున అరిచింది. లోపల అన్నం లేదు. మేక దవడ ఉంది! మటన్ కొట్టులో అడిగి తెచ్చుకుని, ఉడకబెట్టి, బ్రష్షుతో తోమి, ఎండబెట్టిన ఎముక. పళ్లన్నీ చక్కగా ఉన్నాయి. కుడివైపు చివరి పంటికి రాగి తీగ చుట్టి ఉంది. ఆ తీగ బొమ్మలో కూడా కుడిపక్కే కనబడితే మిషన్ నిజం చెబుతున్నట్టు.

"ఇదేంటండీ బాబూ! మాలో ఎవరో ఒకరి నోట్లో పెట్టి చూడొచ్చుగా?"

"మనిషైతే అబద్ధమాడ్తడు మేడమ్. దీనికేం అవసరం?"

బొమ్మ తీయబోతే సాఫ్టువేరు పేషెంటు పేరు అడిగింది. "మీ పేరే ఎయ్యిండ్రి అన్నా," అంది పద్మ. ఆమెది బోరబండ, ఆయన మాటకు ఆమె మాట ఇట్టే కలిసింది.

"మిషన్ల నా పేరెందుకమ్మా? రేపు ఎవలన్న చూసి, గీయన దవడ మేక దవడ లెక్కున్నదంటరు," అని 'టెస్ట్' అని కొట్టాడు. నవ్వలేదు. నిజంగానే ఆ ప్రమాదం గురించి ఆలోచించినట్టున్నాడు. ఆయన పేరు నేనిక్కడ రాయకపోవడానికి కారణం అదే. రాస్తే ఏ లోకంలో ఉన్నా 'ఎందుకు?' అని అడుగుతాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. తెనాలి నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు. ఈ ఊళ్లో నన్ను మోసం చెయ్యని ప్లంబరు లేడు, ఓనరు లేడు. మోసపోయి మోసపోయి గడుసుదాన్నయ్యాను. ఎదుటివాడు నోరు తెరిచే లోపే ఏ వైపు నుంచి ముంచబోతున్నాడో చెప్పగలనని నాకు గొప్ప. ఒకరినొకరు నమ్మని ఇద్దరు మనుషులు పది అడుగుల గదిలో నాలుగు రోజులు ఎలా గడుపుతారో అలా గడిపాం.

మూడోరోజు పద్మ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మేడమ్, ఆయన నా చేతులనే చూస్తుండు. ప్లేటు కవరుల పెడుతుంటే రెప్ప గొట్టకుండ చూస్తుండు."

నేనూ గమనించాను. నిజమే. పద్మ కవరు అందుకుంటే చాలు, పనంతా ఆపి ఆమె చేతులకేసే చూస్తున్నాడు. ఇక ఊరుకోలేక, "ఏంటండీ చూస్తున్నారు?" అన్నాను.

"మీ సిస్టర్‌ది ఎడమ చేతివాటమా మేడమ్?"

"అయితే ఏంటి?"

"ఏం లే. అడిగిన."

ఒళ్లు మండిపోయింది. పదిహేనేళ్లుగా నా పక్కన చేస్తున్న మనిషికి ఈయన వంక పెడుతున్నాడా, లేక ఇంకేదైనా బుద్ధా?

నాలుగోరోజు ఎనిమిది ప్లేట్లూ అడిగి తీసుకుని, ఎక్స్‌రే గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కాసేపటికి ఏదో కాలిన వాసన. తలుపు తోసుకుని వెళ్లాను. బల్ల మీద వైర్లు అతికే సోల్డరింగ్ కడ్డీ, ఆ పక్కన నా ప్లేట్లు. నన్ను చూడగానే వాటి మీద చేతిరుమాలు కప్పాడు.

"ఏం చేస్తున్నారు?"

"అయిపోయింది మేడమ్."

ఏమయిపోయిందో చెప్పలేదు. ప్లేట్లు లెక్కపెట్టుకున్నాను. ఎనిమిదీ ఉన్నాయి. వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, పైకీ కిందికీ చూసి, గుసగుసగా అన్నాడు: "మేడమ్, ఎప్పుడన్న బొమ్మల మూలకు తెల్ల చుక్క కనబడితే ఆగుండ్రి. ఇంజక్షన్ చేతుల ఉంటే సుత కింద పెట్టుండ్రి. నాకు ఫోన్ కొట్టుండ్రి. కంపెనీకి మాత్రం చెప్పకుండ్రి."

"ఏం చుక్క? ఎందుకు చెప్పకూడదు?"

"నా మీద ముందే రెండు కంప్లైంట్లున్నయి. మిషన్ బిగిస్తానికి ఎక్కువ దినాలు తీసుకుంటనని. ఇంకొకటొస్తే కొలువుకే ఎసరు."

"అయితే ఆ చుక్కేంటో చెప్పండి."

నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. ప్లగ్గును చూసినట్టే చూశాడు. "వస్తే మీకే తెలుస్తది. రాకుంటే మంచిదే," అని దిగిపోయాడు.

ఇంత చెప్పాక అనుమానం రాకపోతే నేను మనిషిని కాదు.

రెండు వారాలకు చుక్క వచ్చింది. బొమ్మ కింది మూలలో ఆవగింజంత తెలుపు. తర్వాత నాలుగు రోజులు లేదు. మళ్లీ వచ్చింది, ఈసారి వేరే ప్లేటులో. పేషెంట్లు కిక్కిరిసిన రోజే వస్తోందని కూడా గమనించాను. ఇంకేముంది, తలుపు వేసుకుని ప్లేట్లను కాల్చాడు, వాడకం ఎక్కువైన రోజున లోపం బయటపడుతోంది అని తేల్చేశాను. ఫోన్ చేస్తే వస్తాడు, వచ్చి ప్లేట్లు పోయాయి కొత్తవి కొనమంటాడు. ఆ నాటకాలు నాకు తెలియనివా?

ఆయనకు ఫోన్ చెయ్యలేదు. కంపెనీకి మెయిల్ రాశాను. ఇలా ప్లేట్లతో గదిలో తలుపు వేసుకున్నాడు, అప్పటినుంచి బొమ్మల్లో మచ్చలు వస్తున్నాయి అని. అక్కడితో ఆగినా బాగుండేది. చెయ్యి ఊరుకోలేదు. ఇంకో వాక్యం చేర్చాను: 'మా సిబ్బందిలోని ఆడవాళ్ల వైపు అదోలా చూస్తున్నాడు.' పద్మను అడగలేదు. కొలువుకే ఎసరన్న మాట గుర్తుంది. గుర్తుండే పంపాను. మూడో రోజున, చర్య తీసుకున్నామనీ కొత్త ప్లేట్లు పంపుతామనీ కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ఆ రోజు కాఫీ చాలా రుచిగా అనిపించింది నాకు.

కొత్త ప్లేట్లు ఇంకా రాలేదు. ఒక సోమవారం, మైత్రీవనంలో కోచింగ్ చెప్పే మాస్టారొకాయన దవడ పట్టుకుని వచ్చారు. కింది దవడలో కుడిపక్క ఆయనకు మిగిలినవి రెండే రెండు పళ్లు. పక్కపక్కనే, రెండింటికీ ఒకే రకం క్యాపులు. ఎడమవైపు అంతా కట్టుడు పళ్లు. తిండి నమిలేది ఈ రెంటితోనే.

"ఏది నొప్పో నాకే తెలియట్లేదండీ డాక్టరుగారూ. రెండూ సలుపుతున్నాయి. మూడింటికి క్లాసుంది, ఏదో ఒకటి పీకేయండి," అన్నారు.

"ఏదో ఒకటి పీకితే ఎలాగండీ మాస్టారూ," అని ఎక్స్‌రే తీయించాను. బయట ఏడుగురు ఎదురుచూస్తున్నారు. బొమ్మ వచ్చింది. వెనక పంటి వేరు కింద చీము పట్టిన నల్లటి నీడ, స్పష్టంగా. ముందు పన్ను భేషుగ్గా ఉంది. మూలలో మళ్లీ ఆ దిక్కుమాలిన చుక్క! సరే, వెనకది తీసేద్దామని మత్తు ఇంజక్షను ఇచ్చాను. పది నిమిషాలు ఆగాలి.

ఆ పది నిమిషాల్లో కంపెనీకి ఇంకో మెయిల్ పెడదామని కూర్చున్నాను. రుజువు కావాలి కదా, చుక్కను బాగా పెద్దది చేశాను. అప్పుడు చూశాను. అది గుండ్రంగా లేదు. ఒక పక్క కత్తెరతో కత్తిరించినట్టు తిన్నగా ఉంది. కాలిన మచ్చ తిన్నగా ఎందుకుంటుంది?

లేచి వెళ్లి ఆ ప్లేటు తీసి దీపం కింద పెట్టాను. ప్లేటుకు రెండు ముఖాలు. తెల్ల ముఖం బొమ్మను పట్టేది, అది పంటివైపు ఉండాలి. నల్లది వీపు. ఆ నల్ల వీపు మీద, ఒక మూలన నల్ల టేపు ముక్క. గోరుతో గీకితే ఊడొచ్చింది. కింద సోల్డరు సీసం తునక ఒకటి, కాగితమంత పలచగా సాగగొట్టింది.

వీపుకు అతికించింది బొమ్మలో పడకూడదు. పడిందంటే ప్లేటు వీపు పంటివైపుకు తిరిగి ఉందన్నమాట. తిరగబడినా బొమ్మ వస్తుంది, కానీ అద్దంలో చూసినట్టు వస్తుంది. ముందుది వెనక్కి, వెనకది ముందుకి.

ప్లేటు పట్టుకుని కుర్చీ దగ్గరికి వెళ్లాను.

"పద్మా, ఇంకొకటి తియ్యి. మెల్లగా తియ్యి, తొందర లేదు," అన్నాను. రెండో బొమ్మలో చుక్క లేదు. నీడ ముందు పంటి కింద ఉంది. నేను తీయబోయింది మంచి పన్ను. అది తీసేశాక ఎలాగూ ఈ కుళ్లింది కూడా తీయాల్సి వచ్చేది. ఆ మనిషికి ఇక నమలడానికి ఆ పక్క ఏమీ మిగిలేది కాదు.

పద్మ ఖాళీ కవరు ఒకటి తీసుకుని, ప్లేటు ఎడమ చేత్తో దూర్చి చూసుకుంది. మెల్లగా ఒకసారి, గబగబా ఒకసారి. గబగబా చేసినప్పుడు ప్లేటు బొటనవేలి కింద తిరిగి, వీపు ముందుకొచ్చింది.

"గిందుకా మేడమ్ ఆయన నా చేతులు చూసింది," అంది.

మాస్టారికి అసలు పన్నే తీశాను. మూతికి దూది అడ్డం పెట్టుకుని, "మీ చెయ్యి చాలా తేలికండీ," అని మెచ్చుకుని వెళ్లారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం పాత బొమ్మలన్నీ తిరగేశాం. చుక్క ఉన్నవి ఏడు తేలాయి. అవన్నీ ఏ పన్నో కంటికే తెలిసిపోయే కేసులు కాబట్టి సరిపోయింది. నా తెలివేమీ లేదందులో.

కంపెనీకి ఉన్నదున్నట్టు రాశాను. నాదే పొరపాటు, ఆ చుక్క లోపం కాదు, కాపలా, కొత్త ప్లేట్లు అక్కర్లేదు అని. రెండో వాక్యం అబద్ధమని కూడా రాశాను. జవాబు వచ్చింది: ప్లేట్లకు ఏదైనా అతికించడం నిబంధనలకు విరుద్ధం, మీ రెండో విషయం వెనక్కి తీసుకున్నట్టు నమోదు చేశాం, ఆ ఉద్యోగి ఇప్పుడు మా దగ్గర లేడు.

వెళ్లాలి. ఎలా వెళ్లను? నాలుగు రోజులు మథనపడ్డాను. పద్మే తేల్చేసింది: "నేను సుత వస్త మేడమ్. గా రెండో మాట నా పేరు మీద రాసిన్రు."

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. కొట్టాల్సిందే.

ఆషాఢ మాసం. ఎల్లమ్మ గుడి వైపు బారికేడ్లు పెట్టి ఆటోలు ఆపేశారు. బోనాల జనంలో తోసుకుంటూ నడిచి, అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాం. ముందు గదికి షట్టరు. లోపల విప్పిన స్టెబిలైజర్లు, ఇన్వర్టర్ల మధ్య ఆయన కూర్చుని ఉన్నాడు. బుగ్గలో లవంగం ఉంది.

లేచి నిలబడ్డాడు గానీ రమ్మనలేదు. "మిషన్ ఆగిందా మేడమ్?"

"లేదండీ, బాగుంది."

"మరెందుకొచ్చిన్రు?"

"క్షమాపణ చెప్పుకుందామని."

"ఎవలు పంపిన్రు?"

ఎవరూ పంపలేదంటే నమ్మడు. బ్యాగులోంచి మాస్టారి రెండు బొమ్మలూ ప్రింటు తీసినవి ఇచ్చాను. వీధిలోకి వెళ్లి వెలుగుకు పట్టి చూశాడు, ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. బోనం ఎత్తుకున్న ఆడవాళ్లు పక్కనుంచి పోతున్నారు, డప్పులు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. ఆయనకవేమీ పట్టలేదు.

"పీకలే కద?" అన్నాడు చివరికి.

"లేదు. ఆగాను."

తల ఊపాడు. అప్పుడడిగాను: "ఆ రోజే చెప్పి ఉండొచ్చు కదండీ? చెప్పి ఉంటే నేను కంప్లైంట్ ఇచ్చేదాన్నా?"

"చెప్తే మీరు కంపెనీకి చెప్పరని ఏం నమ్మకం మేడమ్?"

ఆయన నాకు చెప్పనందుకే నేను కంపెనీకి చెప్పాను. ఇద్దరం కలిసి చేసిన పని ఇది. కానీ ఉద్యోగం పోయింది ఒక్కరిదే.

"ప్లేట్ల సంగతి ఒప్పుకుంట," అన్నాడు నేల చూస్తూ. "అతికించొద్దని రూలున్నది, అతికించిన. గా రెండో మాట ఎందుకు రాసిన్రు మేడమ్? కొలువు తీసేసిన కాగితం ఇంటికొచ్చింది. మా ఇంట్లామె చదివింది."

వెనక తలుపు కర్టెను పక్కన ఆయన భార్య నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో.

పద్మ నన్ను దాటుకుని ఆమె దగ్గరికి పోయింది. "అక్కా, గా మాట నేననలే. ఆయన నా చేతులు చూసిండు. గంతే. నాది ఎడమ చెయ్యి, ప్లేటు ఉల్టా పెడుతున్న. గది పట్టుకున్నడు," అని ఎడమచెయ్యి చాపి చూపించింది.

ఆమె ఆ చేతిని చూసింది. తర్వాత భర్తను చూసింది. "గీయన గంతే అమ్మా. నేను కూరల ఉప్పేస్తుంటే సుత గట్లనే చూస్తడు. ముప్పై ఏండ్లాయె," అంది. పక్కనున్న ముక్కాలిపీట ముందుకు జరిపింది. నీళ్లు తెచ్చి ముందు పద్మకిచ్చింది. తర్వాత కాసేపటికి నాకూ ఇచ్చింది. నా వైపు చూడలేదు. మన్నించమని అడిగే హక్కు నాకు లేదు.

ఉద్యోగం తిరిగి రాలేదు. నాకు తెలిసిన నలుగురు డెంటిస్టులకు చెప్పాను, వాళ్ల మిషన్ల పని కొంత ఆయనకు వెళ్లింది. అది ఆయన నన్ను మన్నించినట్టు కాదు. ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు.

ఆ ఏడు దసరా వెళ్లాక ఒకరోజు ఉదయం గుమ్మం బయట నిలబడి మీటరు వైపు చూస్తూ కనిపించాడు. ఎడమ బుగ్గ వాచి ఉంది. ఏళ్ల తరబడి లవంగంతో నెట్టుకొచ్చిన పన్ను ఇక ఒప్పుకోలేదు.

"కూర్చోండి," అన్నాను. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు, ఏ క్షణమైనా లేచిపోయేలా. పద్మ ప్లేటు అందుకోగానే, "నాకియ్యమ్మా, నేను పెడ్త," అన్నాడు. తనే కవరులో దూర్చి ఇచ్చాడు. పద్మ పేరు దగ్గర ఏం వెయ్యాలని అడగలేదు. 'టెస్ట్' తెరిచింది.

బొమ్మ వచ్చింది. వేరు కింద నీడ ఉంది. కింది మూలలో తెల్ల చుక్క!

పక్కన బిగించి ఉంచుకున్న ఇంజక్షను దూరంగా జరిపాను. "ఆగాలి. చుక్క ఉంది. ప్లేటు తిరగేసి పెట్టారు మీరు," అన్నాను. ఎంత జాగ్రత్తగల మనిషికైనా నొప్పిలో చెయ్యి తప్పుతుందని ఊరడించబోయాను కూడా.

"అవు. నేనే ఉల్టా పెట్టిన."

"కావాలనా? ఎందుకు?"

"మీరు ఆగుతరా, ఆగరా అని."

పద్మ ముఖం తిప్పుకుని నవ్వు ఆపుకుంటోంది. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. కళ్లు మండాయి. ఆయన తాపీగా వెనక్కి జరిగి, కుర్చీలో పూర్తిగా వాలి, ప్లేటును పద్మ వైపు చాపాడు.

"ఇగ నువ్వు పెట్టమ్మా," అన్నాడు. నోరు తెరిచాడు.

ఆ తర్వాత ఆయన్ను చూడలేదు. పన్ను బాగుపడింది, ఇక రావలసిన పని లేకపోయింది. నేనూ వెళ్లలేదు. పావుగంట దూరమే కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చు అనుకున్నాను.

పోయిన మంగళవారం కొత్త ఇంజనీరు నా జవాబు కోసం ఎదురుచూస్తూనే 'టెస్ట్' తెరిచాడు. మేక దవడ బొమ్మలు, వాటి కింద మనిషి పళ్లు. వాటిలో ఒకదాని మీద బాణం గుర్తు నిలిపి, "ఇది ఖరాబున్నది మేడమ్, మూలకు చుక్క వచ్చింది. వయసు సుత సున్నా అని ఉన్నది. మొత్తం తీసేస్త, సాఫైతది," అన్నాడు. తెర మీద డబ్బా ప్రత్యక్షమైంది: నిజంగానే తొలగించాలా?

పద్మ నా వైపు చూసింది. నేను తెర దగ్గరికి వెళ్లి, వేలు పెట్టి, ఆ డబ్బాలో ఉన్నదంతా మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాను.

"నొక్కాల్నా మేడమ్?"

ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా ఎన్నడూ ఇక్కడి యాసలో మాట్లాడి ఎరగను. నోటివెంట అదే వచ్చింది.

"జర ఆగుండ్రి," అన్నాను.